వైద్యుని చీటియు నడకయు

కూర్చుండి తిన్నచో కొండలైనను కరగునని పెద్దలు ధనమునుగూర్చి చెప్పిరి. దేహమునుగూర్చి చెప్పవలసివచ్చినచో ఆ మాటను కొంచెము మార్పవలెను. కూర్చుండి తినువాని దేహము కరగదు, పెరుగును. కరగునది వాని బలము. ఈ సంగతి వైద్యు లెఱుగకపోలేదు. రెండువేల యేండ్లుగా తూర్పునను పడమటను వైద్యులు రోగులతో కదలుడు, నడువుడు అని చెప్పుచునే యున్నారు. రోగులును తల యూపుచునే యున్నారు. కాని వైద్యుని నోట వెలువడిన యా మాట రోగి కాలివఱకు చేరక నడుమ నెచ్చటనో ఆగిపోవుచున్నది. అది యెచ్చట ఆగుచున్నది, దానిని కాలివఱకు చేర్చుటకు ఏ యే దేశములవారు ఎట్టి యుపాయములు పన్నిరి, వానిలో ఎంత ఫలించినది అని విచారించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట మన దేశమునే చూతము. సుశ్రుతసంహిత నిదానస్థానమున ప్రమేహము ఎవరికి కలుగునో చెప్పుచు పగటినిద్రను, వ్యాయామము లేమిని, సోమరితనమును, తీపియు క్రొవ్వును మిక్కుటమైన యాహారమును కారణములుగా పేర్కొనిరి. చికిత్సాస్థానమున ఆ రోగికి చెప్పబడిన విధి నేటివారికి వింతగా తోపవచ్చును. ధనము లేని, బంధువులు లేని రోగి చెప్పులు తొడుగక, గొడుగు పట్టక, భిక్షాన్నము తినుచు, ఒక్కొక్క గ్రామమున నొక్క రాత్రి మాత్రమే నిలుచుచు, మునివలె మనస్సును స్వాధీనమందుంచుకొని, నూఱు యోజనములో అంతకు మించియో నడువవలెను. ధనవంతుడు చామలను నివ్వరిధాన్యమును తినుచు అడవిలో లేళ్లతోడ వసింపవలెను. బ్రాహ్మణుడు పొలములలో రాలిన గింజల నేరుకొని జీవింపవలెను. తక్కినవాడు నేల దున్నవలెను, లేదా బావి త్రవ్వవలెను.

ఇందు గమనింపదగిన సంగతులు రెండు. మొదటిది, ఆ వైద్యుడు శ్రమపడుమని చెప్పి యూరకుండలేదు. దున్నుము, త్రవ్వుము, ఇంత దూరము నడువుము అని పనికి పేరును కొలతను చెప్పెను. రోగి స్థితిగతులను విచారించి ఎవరికి తగినది వారికి విధించెను. రెండవది మనకు కొంత సిగ్గు కలిగించునది. ఒకరికి చికిత్సగా విధింపబడిన దున్నుటయు బావి త్రవ్వుటయు మఱియొకరికి దినదినము కూటికొఱకు చేయు కూలిపని. శ్రమను నీచమని యెంచి యితరుల భుజములపై మోపిన వర్గములవారే దానిని మరల మందుగా వైద్యునిచేత వ్రాయించుకొనవలసి వచ్చుచున్నది.

శ్రమకు మితియు ఆ గ్రంథమే చెప్పినది. మనుష్యుడు తన బలములో సగము మాత్రమే వ్యాయామమునకు వినియోగింపవలెననియు, మితిమీఱినచో అదియే చెఱుపు చేయుననియు, ఊపిరి నోటివెంట రాజొచ్చినచో సగము బలము ఖర్చయినదని తెలిసికొనవలెననియు అందున్నది. మాటలాడుటకు వీలై, పాట పాడుటకు వీలుకాని వేగముతో నడచుట మేలని నేటి వైద్యులు చెప్పుచున్నారు. చెప్పు తీరు మాఱినను కొలబద్ద మాత్రము ఊపిరియే.

యవనదేశమున క్రీస్తునకు పూర్వము ఐదవ శతాబ్దమున హెరోడికసు అను వ్యాయామశిక్షకుడు వైద్యమునకును వ్యాయామమునకును ముడివేసెను. ఇతనిని ప్లేటో తన గ్రంథములయందు ప్రస్తావించెను. ఏథెన్సునుండి మెగారా గోడవఱకు నడచి మరలి రమ్మని యితడు చెప్పునని యొకచోట పరిహాసము. రోగమును పెంచి పోషించుకొనుచు బ్రదుకంతయు చికిత్సకే ధారపోసెనని మఱియొకచోట ఎత్తిపొడుపు. ఈ కడపటిచోటనే ప్లేటో యొక వడ్రంగి సంగతి తెచ్చును. దీర్ఘకాలము పథ్యనియమములు పాటింపుమని వైద్యుడు చెప్పినచో, రోగినై కూర్చుండుటకు నాకు తీరిక లేదని యా వడ్రంగి తన పనికి పోవునట. పరిహాసమును విడిచినను ఈ తీరికప్రశ్న విడువరానిది. వ్యాయామచికిత్స చరిత్రయందంతటను అది మనకు ఎదురగుచునే యుండును.

ఆధునికకాలమునకు వత్తము. గుండెనొప్పిని 1772లో చక్కగా వర్ణించి దానికి పేరు పెట్టిన ఇంగ్లీషువైద్యుడు విలియం హెబర్డెన్. దినమునకు అరగంటసేపు రంపముతో కఱ్ఱకోయుట నియమముగా పెట్టుకొన్న యొక రోగి దాదాపు స్వస్థుడయ్యెనని అతడు వ్రాసియుంచెను. డబ్లిను నగరమున విలియం స్టోక్సు 1854లో ప్రకటించిన గ్రంథమున హృద్రోగులకు క్రమబద్ధమైన నడకను విధించెను. జర్మనీలో మాక్సు ఎర్టెల్ అను వైద్యుడు 1885 ప్రాంతమున కొండదారులను వాలును బట్టి తరగతులుగా విభజించి, రోగులను తేలికదారినుండి కఠినమైన దారికి క్రమముగా ఎక్కించు పద్ధతి నేర్పఱచెను.

ఇంత తెలిసియు ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున వైద్యలోకము వెనుకకు మరలెను. గుండెపోటు వచ్చినవానిని వారములతరబడి మంచముమీద కదలనీయకుండుట ఆచారమయ్యెను. 1952లో అమెరికాయందు శామ్యూల్ లెవైన్, బెర్నార్డు లౌన్ అను వైద్యులు అట్టి రోగులను మంచము దింపి కుర్చీలో కూర్చుండబెట్టుటయే గొప్ప సాహసమై తోచెను. మంచము చేయు కీడెంతటిదో 1966లో డల్లాసు నగరమున జరిగిన పరీక్ష తెలిపెను. ఆరోగ్యవంతులగు ఐదుగురు యువకులను మూడు వారములు శయ్యపై నుంచగా, ప్రాణవాయువును వినియోగించుకొను వారి దేహశక్తి నాలుగవవంతుకు మించి తగ్గెను. ముప్పది యేండ్ల తరువాత ఆ యైదుగురినే మరల పరీక్షించిరి. ముప్పది యేండ్ల వయస్సు హరించిన దానికంటె మూడు వారముల మంచము హరించినదే యెక్కువ యని తేలెను.

శ్రమకును గుండెకును గల సంబంధమును లెక్కలతో నిరూపించుటకు పూనుకొన్నవాడు లండనునందలి జెర్రీ మోరిస్ అను వైద్యుడు. ఇతడు 1910లో పుట్టి 2009లో తొంబదితొమ్మిదవయేట మరణించెను. లండను బస్సులు రెండంతస్తులవి. డ్రైవరు దినమంతయు కూర్చుండియుండును; కండక్టరు టిక్కెట్ల కొఱకు దినమునకు కొన్ని వందల మెట్లెక్కి దిగుచుండును. ఇద్దరిదియు ఒకటే బస్సు, ఒకటే వీథి, ఇంచుమించుగా ఒకే తరగతి జీవనము. సుమారు 31,000 మంది ఉద్యోగుల యారోగ్యమును పరిశీలించి, కండక్టరులకు గుండెపోటు డ్రైవరులకంటె మిక్కిలి తక్కువయనియు, వచ్చినను ప్రాణాంతకమగుట తక్కువయనియు మోరిస్ బృందమువారు 1953లో లాన్సెట్ పత్రికయందు ప్రకటించిరి. తపాలాశాఖలో నడచి ఉత్తరములు పంచువారికిని కూర్చుండి పనిచేయు గుమాస్తాలకును నడుమ ఇట్టి భేదమే కనబడెను.

మోరిస్ సత్యసంధత మెచ్చదగినది. లావుగా నుండువారే డ్రైవరు పనికి చేరుచున్నారేమో, అట్లయినచో ఈ భేదమునకు మెట్లు కారణము కావు గదా యని అతనికే సందేహము కలిగెను. కంపెనీవా రుద్యోగులకు కుట్టించి యిచ్చు దుస్తుల కొలతల చిట్టాలు తెప్పించి చూడగా, డ్రైవరుల నడుములు చిన్నవయస్సునందే కండక్టరులవానికంటె లావై యుండెను. ఈ సంగతిని అతడు దాచలేదు. 1956లో తానే ప్రకటించెను. తన వాదమునకు అడ్డువచ్చు సాక్ష్యమును తానే వెదకి తెచ్చిన యిట్టివాని మాటకు విలువ యెక్కువ. తరువాతి దశాబ్దములలో ప్రభుత్వోద్యోగులపై ఇతడును, ఓడరేవు కూలీలపైనను హార్వర్డు పట్టభద్రులపైనను అమెరికావాడగు రాల్ఫ్ పాఫెన్‌బార్గరును చేసిన పరిశోధనలు మూలసిద్ధాంతమును బలపఱచినవి.

ఇచ్చట నొకటి ఆలోచింపవలెను. కండక్టరు ఆరోగ్యము కొఱకు మెట్లెక్కలేదు. జీతము కొఱకు ఎక్కెను. వానికి వైద్యుని చీటి యక్కఱలేకపోయెను. వాని పనియే చీటి. 2005లో లండను సాధారణమార్గములనుండి ఆ పాతబస్సులను తొలగింపగా కండక్టరు ఉద్యోగమును దాదాపుగా అంతరించెను. యంత్రము మనుష్యుని శ్రమను ఒక్కొక్కటిగా తీసికొనుచుండగా, పోయిన శ్రమను మందుగా మరల ఇయ్యవలసిన భారము వైద్యునిమీద పడెను.

ఆ భారమును వైద్యు డొక్కడే మోయలేడు. అతనికి రోగితో గడుపుటకు దొరకు కాలము కొన్ని నిమిషములు. ఈ చిక్కును గుర్తించి ఇంగ్లండున 1990 ప్రాంతమున నొక కొత్త యేర్పాటు మొదలుపెట్టిరి. ససెక్సు సీమలోని హెయిల్‌షామ్ పట్టణము దీనికి తొలి యుదాహరణములలో నొకటి. వైద్యుడుగాని నర్సుగాని శ్రమ యెఱుగని రోగిని గుర్తించి, చీటి వ్రాసి, ఊరి వ్యాయామశాలయందలి శిక్షకునకు అప్పగించును. శిక్షకుడు రోగి శక్తిని పరీక్షించి తగిన వ్యాయామము నిర్ణయించును. సామాన్యముగా పది పండ్రెండు వారములు, వారమునకు రెండు మాఱులు, తగ్గించిన రుసుముతో అది సాగును. కొలదికాలములోనే ఈ పద్ధతి దేశమంతట వ్యాపించెను. 2001లో బ్రిటిషు ఆరోగ్యశాఖవారు దీనికి నియమావళిని ప్రకటించిరి.

ఫలితమేమి? లెక్కలు చూచినవా రుత్సాహపడలేదు. పలు పరిశోధనలను జోడించి చూడగా, చీటి పుచ్చుకొన్న మువ్వురిలో ఇద్దరు మాత్రమే వ్యాయామశాల గడప త్రొక్కిరి. చేరినవారిలో కడదాక నిలిచినవారు సగమునకు లోపు. పదునేడుగురిని పంపినచో అధికముగా నొక్కడు తగినంత శ్రమపడువాడగునని 2007లో ప్రకటింపబడిన యొక సమీక్ష తేల్చెను. బ్రిటనులో వైద్యవిధానములను పరీక్షించు నైస్ అను సంస్థ, ఇట్టి యేర్పాట్లను పరిశోధనార్థమే కాని మఱియొక విధముగా నడుపరాదని 2006లో చెప్పెను. 2014లో ఆ తీర్పును కొంత సడలించి, శ్రమ లేమితోపాటు రోగముగాని రోగకారణముగాని కలవారినే పంపవలెనని నిర్ణయించెను. వేల్సు దేశమున 2007లో ప్రారంభమైన జాతీయప్రణాళిక కొంత మెఱుగైన ఫలితము చూపెను. అచ్చట నాడు పదునాఱు వారముల శిక్షణము, మాటుకు ఒక పౌను రుసుము ఉండెను. 2,160 మందిపై జరిగిన పరీక్షయందు హృద్రోగభయముతో పంపబడినవారిలో శ్రమ పెరిగెను; మనోవ్యాధులతో పంపబడినవారిలో దిగులు తగ్గెను గాని శ్రమ చెప్పుకోదగినంత పెరుగలేదు.

ఈ సమీక్షలలో నొక సంగతి మమ్ము మిక్కిలి యాకర్షించినది. చీటి పుచ్చుకొని వ్యాయామశాలలో చేరినవారిలో స్త్రీల పాలు పురుషులకంటె ఎక్కువ. కడదాక నిలిచినవారిలో మాత్రము తక్కువ. అనగా వారికి కోరిక కొఱవడలేదు. వారు గడప దాటిరి. దాటినతరువాత వారిని వెనుకకు లాగిన దేమి? లెక్కలు దీనికి ప్రత్యుత్తర మీయవు. ఇల్లు నడుపు నే స్త్రీ నడిగినను ఇచ్చును.

న్యూజిలాండువారు వేఱొక త్రోవ పట్టిరి. 1998 నాటికి వారు పచ్చచీటి యను పద్ధతిని దేశమున ప్రవేశపెట్టిరి. వైద్యుడు కొన్ని నిమిషములు రోగితో మాటలాడి, ఏ శ్రమ, ఎంతసేపు, వారమునకు ఎన్ని దినములు అని చీటిపై వ్రాసి యిచ్చును. దాని ప్రతి క్రీడాసంస్థకు పోవును. ఆ సంస్థవారు మూడు నెలలు రోగికి టెలిఫోను చేసి, నడచుచున్నారా, అడ్డమేమి వచ్చినది అని విచారింతురు. రోగిని వ్యాయామశాలకు పిలుచుటకంటె వాని వీథిలోనే నడిపించుట ఇందు ముఖ్యము. 42 వైద్యశాలలలో 878 మందిపై జరిగిన పరీక్షఫలితము 2003లో వెలువడెను. ఒక సంవత్సరము గడచునప్పటికి, పదిమందికి ఇట్టి చీటి యిచ్చినచో అధికముగా నొక్కడు వారమునకు రెండున్నర గంటలు శ్రమపడువాడయ్యెను. స్వల్పమని తోపవచ్చును. కాని కొన్ని నిమిషముల మాటకును కొన్ని టెలిఫోను పిలుపులకును ఇది స్వల్పఫలము కాదు.

అచ్చటనే నలువది మొదలు డెబ్బది నాలుగేండ్లవఱకు వయస్సుగల 1,089 మంది స్త్రీలపై నర్సుల మూలమున మఱియొక పరీక్ష జరిపి 2008లో ప్రకటించిరి. ఏడాదికి చీటిగల స్త్రీలలో నూటికి 43 మంది, లేనివారిలో నూటికి 30 మంది తగినంత శ్రమ చేయుచుండిరి. రెండవయేటికి ఈ భేదము కొంత తగ్గెను. చీటిగలవారిలో పడుటలును దెబ్బలు తగులుటలును కొంత హెచ్చెను. సుశ్రుతుని సగబలపు నియమము ఎందులకో ఇచ్చట తెలియుచున్నది. స్వీడనువారు 2003లో ఏ రోగమునకు ఏ శ్రమ, ఎంత మోతాదు అని తెలుపు గ్రంథము నచ్చొత్తించిరి. అచ్చట వైద్యుడే కాక నర్సును ఇట్టి చీటి వ్రాయవచ్చును.

మన దేశమున నిట్టి ప్రయత్న మేదియైనను జరిగినదా? చెన్నపట్టణమున డాక్టరు రామచంద్రన్‌గారి బృందము చక్కెరవ్యాధి అంచున నున్న 531 మందిని నాలుగు తెగలుగా విభజించి సుమారు ముప్పది నెలలు పరిశీలించి ఫలితమును 2006లో ప్రకటించెను. ఊరకున్న తెగలో నూటికి 55 మందికి వ్యాధి తగులుకొనెను. పథ్యమును, దినమునకు అరగంట వడినడకయు నేర్పిన తెగలో నూటికి 39 మందికే తగులుకొనెను. మందు మాత్రమే యిచ్చిన తెగలో ఫలితము దాదాపు ఇంతే. రెండును కలిపినను అధికలాభము లేకపోయెను. వారు చీటి యిచ్చి పంపివేయలేదు. నెలనెల టెలిఫోనుపై విచారించిరి. పనియందే శ్రమపడువారిని, అరగంటకు మించి నడచువారిని, సైకిలు త్రొక్కువారిని మీ పద్ధతియే సాగింపుడని చెప్పిరి. వడ్రంగి ప్రశ్నకు ఇది తగిన సమాధానము. ఐనను ఈ 531 మందిలో స్త్రీలు 110 మంది మాత్రమే యనుట మఱవరాదు.

మా యింటి సంగతి యొకటి చెప్పుదుము. మా యక్కగారికి చక్కెరవ్యాధి యున్నదని తెలిసినప్పుడు వైద్యుడొకరు మాత్రలు వ్రాసి, "మీరు నడవాలమ్మా" అని చెప్పి తరువాతి రోగిని పిలిచిరి. ఆమె తల యూపి వచ్చెను. ఉదయము వంట, పగలు పిల్లల పనులు, సాయంకాలము కాఫీ. ఏడాది గడచినను ఆమె వీథి మొగము చూడలేదు. నడకకు పోయెదనని చెప్పుట ఆమెకు సిగ్గు. తన కొఱకు అరగంట అడుగుట యన్న స్వార్థమని ఆమె భావము. మఱియొక వైద్యురాలు ఆ చీటిమీదనే మాత్రల క్రింద, సాయంకాలము ఐదున్నర మొదలు ఆఱు వఱకు నడక అని వ్రాసి, "తోడు ఎవరు వస్తారు?" అని అడిగి కోడలి పేరును వ్రాసి, నెల దినములలో వచ్చి చెప్పుడనిరి. చీటిలో నున్నది గనుక ఇంటిలో నెవ్వరును కాదనలేదు. ఐదున్నరకు కాఫీ యడుగువారు మానిరి. ఏడాదిపాటు ఆ కాఫీ యడిగినవారిలో మేమును ఒకరము. చదివినవారము, సంస్కరణమునుగూర్చి వ్రాయువారము. ఆ యరగంట ఎవరు తీసికొనుచున్నారో చీటి చెప్పువఱకు మాకు తెలియలేదు.

వైద్యుని మాట రోగి కాలికి చేరక ఆగుచోటు ఇప్పుడు తెలియుచున్నది. అది కొందఱికి పనిశాల, కొందఱికి వీథి, మన యాడువారిలో పెక్కుమందికి ఇంటి గడప. చరిత్రలో ఫలించిన చీటి యెట్టిదని చూచినచో నాలుగు లక్షణములు కనబడుచున్నవి. అందు పనికి పేరు కలదు, కొలత కలదు, తోడు కలదు, మరల అడుగువారు కలరు. మొదటి రెండును సుశ్రుతుని కాలముననే యుండెను. కడపటి రెండును ఇటీవల కొన్ని దేశములవారు నేర్చుకొన్నవి. ఇవి లేని యుపదేశము ఎంత సత్యమైనను గాలికి పోవును.

చీటి వ్రాయువాడు వైద్యుడు. దానిని నిలుపవలసినవారు ఇంటివారు. మీ యింట నెవరికైనను వైద్యుడు నడువుమని చెప్పియున్నచో, వారు ఏ గంటకు నడచుచున్నారో నేటి సాయంకాలము అడిగి చూడుడు. గంట దొరకలేదని వారు చెప్పినచో, అది యెవరిచేతిలో నున్నదో వెదకి వారికి మరల నిప్పించుడు.